శుక్రవారం తియ్యాల్సిన గోగు

మురళీమోహన్ సార్ పేరు వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన చేసిన పాపం పెద్దగా ఏమీ లేదు. మా బ్యాచ్‌కి ఒక అసైన్‌మెంట్ ఇచ్చాడు, అంతే. మిగతాదంతా నా స్వహస్తాలతో నేనే చేశాను. అది తెలిసినా మంట మాత్రం ఆయన పేరుకే లేస్తుంది, ఏం చేయను.

2017 నవంబరు. శ్రీకాకుళం దగ్గర యూనివర్సిటీలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ రెండో ఏడు చదువుతున్నాను. రెండో మిడ్ పరీక్షకి బదులు ఈసారి వీడియో అన్నాడు సార్. ఇద్దరిద్దరు కలిసి మూడు నిమిషాల వీడియో తీయాలి. మీ ఊళ్లో సూక్ష్మజీవులు చేసే పని ఏదో ఒకటి చూపించాలి. పెరుగు మాత్రం వద్దు, పోయినేడు పద్నాలుగు మంది పెరుగు తోడుకోవడమే తీసుకొచ్చి నా ప్రాణం తీశారు అన్నాడు. మార్కుల పట్టిక నోటీసు బోర్డుకి అతికించాడు. మొత్తం ఇరవై అయిదు. అందులో అయిదు మార్కులకి ఎదురుగా 'జనంలో ఉన్న పొరపాటు, దానికి శాస్త్రీయ సవరణ' అని ఉంది. అంటే వీడియోలో ఎవరో ఒకరు తప్పు చేస్తూ ఉండాలి, మనం దిద్దాలి. తప్పు చేసేవాళ్లు ఎవరూ దొరక్కపోతే ఏం చేయాలో ఆ పట్టికలో లేదు.

మొదటి మిడ్‌లో నాకు వచ్చినవి పదకొండు. ఈ ఇరవై అయిదులో ఇరవై దాటకపోతే సబ్జెక్టు పోతుంది. నా జోడీ విక్టర్. శ్రీకాకుళం మిషన్ కాంపౌండ్ కుర్రాడు, మంచివాడే గానీ ఏ పనికైనా ముందు ఫోను బయటికి తీస్తాడు. కొత్త ఫోను, దానికో ముక్కాలి స్టాండు. నా ఫోను కెమెరా అద్దం అంతకుముందే పగిలి, ఏది తీసినా పొగమంచులో తీసినట్టు వచ్చేది. అందుకని విషయం నాది, ఫోను అతనిది అని ఒప్పందం చేసుకున్నాం.

విషయం కోసం నేను వెతుక్కోనక్కర్లేదు. మాది చీపురుపల్లి దగ్గర పల్లె, పంట గోగు. గోగు అనగానే పట్నంవాళ్లు పచ్చడి అడుగుతారు. ఇది ఆ గోగు కాదు, నార గోగు. మనిషిని మించి ఎదిగిన మొక్కల్ని పూతకొచ్చాక కోసి, కట్టలు కట్టి, నీళ్లలో ముంచి, పైన రాళ్లు పెడతారు. రెండు మూడు వారాల్లో నీళ్లలోని బ్యాక్టీరియా బెరడులో ఉన్న జిగురును తినేస్తుంది. అప్పుడు నార పుల్లను వదులుతుంది. తొందరపడి తీస్తే నార ఊడదు. ఆలస్యం చేస్తే జిగురు అయిపోయాక బ్యాక్టీరియా నారనే తినడం మొదలుపెడుతుంది. ఆ రెండింటికీ మధ్య దొరికేది ఒక్క రోజు.

ఆ ఒక్క రోజు ఏదో చెప్పేది మా దేముడమ్మత్త. మా నాన్నకి అప్ప, అంటే అక్క. మొగుడు పోయాక మా ఇంటికి వచ్చేసింది, అప్పటికి నేనింకా పుట్టలేదు. పొలంలో ఆమె మాటే చెల్లేది, వంటింట్లో కూడా ఆమె మాటే, ఆ సంగతి మా అమ్మనడిగితే చెబుతుంది. గోగు ఊరేసిన దగ్గర్నుంచి రోజూ తెల్లారగానే ఊరి వాగు, మేం గెడ్డ అంటాం, దాని పక్కన ఉన్న మడుగులోకి నడుంలోతుకి దిగేది. కట్ట నడిబొడ్డులోంచి ఒక్క పుల్ల లాగి, మొదలు దగ్గర బొటనవేలితో ఒకసారి తోసి, ముక్కు దగ్గర పెట్టుకునేది. 'ఇంకా నేదు' అనేది, లేకపోతే 'రేపు' అనేది. మా మడుగుకే కాదు, చుట్టుపక్కల మూడు ఊళ్లవాళ్లు ఆమెను పిలుచుకుపోయేవారు. పిలిచినవాళ్లు నార ఆరాక ఒక పిడికెడు తెచ్చి మా వసారా వాసాలకి వేలాడదీసి పోయేవారు. దాంతో అత్త ఏడాది పొడుగునా పలుపులు, పగ్గాలు, ఉట్లు పేనుకునేది. నవంబరు చివరికి మా వసారాలోంచి నడవాలంటే తల వంచాల్సిందే.

గురువారం సాయంత్రం పాసింజరు దిగి ఇంటికి చేరేసరికి అత్త కాళ్లు కడుక్కుంటోంది. రేపు తీసీయాల, మనుషుల్ని కేకేయించు అని నాన్నతో అంటోంది. విక్టర్‌కి శుక్రవారం నుంచి ఆదివారం దాకా చర్చిలో కూటాలు, కీబోర్డు వాయించేది అతనే. సోమవారం తప్ప రాలేడు. వీడియో ఇవ్వాల్సింది బుధవారం.

నాన్నని పట్టుకున్నాను. సోమవారం దాకా ఆపమన్నాను. సబ్జెక్టు పోతే ఏడాది పోతుందన్నాను, అది పూర్తిగా నిజం కాదు. నాన్న పేరు జగన్నాధం. ఏడో తరగతిలో బడి మానేసిన మనిషి, నా మెడలో యూనివర్సిటీ గుర్తింపు కార్డు కనిపిస్తే చాలు, ఏమడిగినా కాదనలేడు. గడ్డం గోక్కుంటూ అత్త వంక చూశాడు.

"మూడ్రోజులే గదప్పా. గుంట సదువు." మా వైపు గుంట అంటే ఆడపిల్ల.

అత్త పాదాలు తుడుచుకుంటూ నా వైపే చూసింది.

"దాని సదువు గోగుకి తెల్దురా జగ్గా. గోగుకి శుక్రారమే ఉన్నాది, సోమారం నేదు."

నాన్న మాట్లాడలేదు. ఆయన మాట్లాడలేదంటే నా పని అయినట్టే. నేను గెలిచానని లోపలికి పోయి అన్నం పెట్టుకున్నాను. ఎదురుగా కూర్చున్న అత్త ముద్ద ఎత్తకుండా చెయ్యి కడిగేసుకుంది. ముసలిదానికి తన మాట చెల్లలేదని ఉక్రోషం అనుకున్నాను. నిజంగానే ఆ మాటే అనుకున్నాను.

శుక్రవారం పొద్దున నేను లేచేసరికి అత్త ఒంటరిగా మడుగులోంచి ఒకే ఒక్క కట్ట లాగి తెచ్చింది. గట్టున కూర్చుని పుల్ల పుల్లకీ నార తీసి, గెడ్డలో పారే నీళ్లలో జాడించి, పెరట్లో వెదురు దండెం మీద ఆరేసింది. మిగతా కట్టలన్నీ నీళ్లలోనే ఉన్నాయి. నన్ను సాధించడానికే చేసింది అనుకున్నాను. అమ్మతో ఆ మాట అన్నాను కూడా. అమ్మ బియ్యం చెరుగుతూ, మీ అత్తా నువ్వూ ఏటైనా సేసుకోండి, నన్ను మధ్యన ఎట్టీకండి అంది.

ఆ మూడు రోజులూ ఎండ విరగకాసింది. నవంబరులా లేదు. మడుగులో నీళ్లు అప్పటికే తగ్గి ఉన్నాయి, మధ్యాహ్నానికి గోరువెచ్చగా అయ్యేవి. వెచ్చని నీళ్లలో బ్యాక్టీరియా ఎంత వేగంగా పెరుగుతుందో గ్రాఫు గీసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. ఆదివారం సాయంత్రం గట్టున నిలబడి నీళ్ల వాసన చూశాను. వాసన మారింది. వీడియోలో వాసన రాదు కదా అనుకుని ఇంటికి వచ్చేశాను.

సోమవారం విక్టర్ స్టాండు భుజాన వేసుకుని తొమ్మిదింటికి దిగాడు. అత్త రానంది. నాన్న వెళ్లి బతిమాలాడు. ఆయన బతిమాలడం చూడలేక వచ్చి మడుగులోకి దిగింది.

"నువ్వు రోజూ ఏం చేస్తావో అదే చెయ్యత్తా" అన్నాను. ఆమె పుల్ల లాగింది. సూర్యుడు ఎదురుగా ఉన్నాడు, మళ్లీ అన్నాడు విక్టర్. ఇంకోసారి అత్తా అన్నాను. రెండోసారి గేదె అడ్డం వచ్చింది. మూడోసారి అత్త తలెత్తి ఫోనులోకి చూసింది. నాలుగోసారి పమిట చేతికి అడ్డం పడింది. ప్రతిసారీ 'ఇంకోసారి అత్తా' అంటూనే ఉన్నాను. అరవై దాటిన మనిషి నడుంలోతు మురికినీళ్లలో నిలబడి, నేను అన్నప్పుడల్లా వంగి పుల్ల లాగింది. ఏడోసారికి గానీ విక్టర్ బొటనవేలు పైకెత్తలేదు.

ఆ ఏడోసారి లాగిన పుల్లని ఆమె బొటనవేలితో తోసింది. నార ఊడిరాలేదు, వేలికి ముద్దగా అంటుకుంది. రెండు వేళ్లతో లాగితే తెగిపోయింది. ఆమె దాన్ని కెమెరా వైపు చాపింది. కెమెరాకి కాదు, దాని వెనకాల నిలబడిన నాకు చూపించింది.

"అయిపోనాది. శుక్రారం తియ్యాల్సింది దీన్ని. తియ్యనివ్వనేదు."

నాన్న నీళ్లలోకి దూకినట్టే దిగాడు. ఒక కట్ట విప్పాడు, ఇంకోటి విప్పాడు, మూడోది విప్పాడు. ప్రతి కట్టలోనూ నల్లగా, జారుడుగా, పట్టుకుంటే తెగిపోయే నార. ఆరు నెలల చాకిరీ ఆయన చేతివేళ్ల సందుల్లోంచి నీళ్లలోకి జారింది. చేతులు లుంగీకి తుడుచుకుంటూ గట్టెక్కి, అత్తకీ నాకూ మధ్యలోంచే ఇంటికి నడిచిపోయాడు.

విక్టర్ స్టాండు మడుస్తూ, ఇప్పుడేటి సూపిస్తాం, మంచి నార ఒక్కటీ నేదు అన్నాడు. అతనికి ఏడుపొక్కటే తక్కువ. ఆ తరవాత అన్నది అతను కాదు. నేనే అన్నాను. ఎన్నిసార్లు తిప్పి తిప్పి గుర్తుచేసుకున్నా నా గొంతే వినిపిస్తుంది.

"మంచి నార మా పెరట్లో ఉంది. దండెం మీద."

మూడు నిమిషాల వీడియో ఇలా తయారైంది. మొదట అత్త చెయ్యి, పుల్ల, తెగిపోయే నార. దాని మీద అక్షరాలు: సాంప్రదాయ పద్ధతి. ఆమె మాటల్ని విక్టర్ తీసేసి వెనకాల వీణ సంగీతం పెట్టాడు. సంగీతం మీద నా గొంతు: 'రైతులు చేతి అంచనా మీద ఆధారపడటం వల్ల సరైన సమయం దాటిపోయి నార నాణ్యత దెబ్బతింటోంది.' తరవాత నేను మడుగు నీళ్లలో రంగు కాగితం ముంచి, థర్మామీటరు పెట్టి, పుస్తకంలో రాసుకోవడం. ఆ తరవాత మా పెరటి దండెం, ఎండలో మెరుస్తున్న నార, దాన్ని దువ్వుతున్న నా చెయ్యి. అక్షరాలు: శాస్త్రీయ పద్ధతి. ఆ నార ఎవరు తీశారో, ఏ రోజు తీశారో అక్షరాలు చెప్పలేదు. అయిదు మార్కుల గడి నిండింది.

ఇరవై అయిదుకి ఇరవై నాలుగు వచ్చాయి. సార్ క్లాసులో తెర మీద వేసి చూపించాడు. పొరపాటును ఎంత స్పష్టంగా పట్టుకున్నారో చూడండి అన్నాడు. డిపార్టుమెంటు చానల్లో పెట్టారు. నేను సిగ్గుపడ్డానని చెప్పుకుంటే బావుండును గానీ పడలేదు, ఆ రోజు హాస్టల్లో అందరికీ బజ్జీలు తినిపించాను.

పది రోజుల తరవాత శనివారం ఇంటికి వెళ్లాను. వసారాలోకి అలవాటు కొద్దీ తల వంచుకుని నడిచాను. వంచక్కర్లేదని రెండడుగులు వేశాక తెలిసింది. వాసాలు ఖాళీగా ఉన్నాయి. ఊళ్లో సగం మంది గోగు తీసేశారు, ఒక్కరూ పిడికెడు నార తేలేదు.

అమ్మ గొంతు తగ్గించి చెప్పింది. వీడియో ఊరి గ్రూపులోకి వచ్చింది, ఎవరు పంపారో తెలీదు. టీకొట్టు దగ్గర పక్క వీధి రాముడు ఫోను అత్త చేతికిచ్చి, అత్తా, ఇందులో నువ్వున్నావు సూడు అన్నాడట. అత్తకి అక్షరాలు రావు గానీ చెవులున్నాయి. మొదటినుంచీ చివరిదాకా విని, ఫోను తిరిగిచ్చి, వచ్చేసిందట. మన కట్టలు కుళ్లిపోయిన సంగతి ఊరందరికీ తెలుసు. ఎందుకు కుళ్లిపోయాయో వీడియో చెప్పింది. అందరూ నాన్నని అడిగారట, మీ అప్పకి సెయ్యి పోయిందేటి అని.

"నాన్నేం అన్నాడు?"

"ఏటంతాడు. కూతురి ఫొటోల కోసరం పంట కుళ్లబెట్టీసినానని సెప్పుకుంతాడా. ఊరుకున్నాడు."

ఆయన ఊరుకోవడం అత్త చూసింది. ఆ సాయంత్రమే తన గిన్నెలూ, మట్టిపొయ్యీ పశువుల సాలలోకి పట్టుకుపోయిందట. నేను సాల గుమ్మం దగ్గర నిలబడి 'అత్తా' అన్నాను. ఆమె పొయ్యిలో గోగుపుల్లలు విరిచి పెడుతోంది. ఇంకోసారి పిలిచాను. ఇంకో పుల్ల విరిచింది. ఒక తిట్టు తిట్టినా బావుండునని అక్కడే చాలాసేపు నిలబడ్డాను. తిట్టలేదు. పెరట్లో దండెం మీద ఆ ఒక్క కట్ట నార కూడా లేదు, తీసి ఎక్కడ పెట్టిందో తెలీదు.

సోమవారం సార్ గది ముందు నిలబడ్డాను. వీడియోలో తప్పుంది, తీసెయ్యండి అన్నాను. ఏం తప్పన్నాడు. చెప్పాను, మొత్తం చెప్పాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ విన్నాడు.

"ఎక్కువ నానితే నార కుళ్లుతుందా లేదా? సమయానికి తీస్తే బావుంటుందా లేదా? అందులో సైన్సు తప్పేముందమ్మా?"

నిజమే, సైన్సు ఎక్కడా తప్పు లేదు. దానికి జవాబు నాకు ఆ రోజూ దొరకలేదు, నరసన్నపేటలో డిగ్రీ పిల్లలకి పాఠాలు చెబుతున్న ఈ రోజూ దొరకలేదు. వీడియోలు చేయించమని పై నుంచి కాగితం వచ్చినప్పుడల్లా ఆ ప్రశ్నే వినిపిస్తుంది. ఆ సాయంత్రం విక్టర్‌ని పట్టుకుని అత్త మాటలున్న అసలు ముక్క ఇమ్మన్నాను. ఫోన్లో చోటు చాలక ఆ వారమే తీసేశానన్నాడు. ఆమె నిజం చెప్పిన నాలుగు క్షణాలు కూటాల పాటల కోసం పోయాయి. అతన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె మాటలు తీసెయ్యమన్నది నేనేనని పాపం అతను గుర్తుచేయలేదు.

డిసెంబరు మొదటివారంలో రాముడు నాకే ఫోన్ చేశాడు. వాళ్లది ఆలస్యంగా వేసిన గోగు, ఇంకా నీళ్లలోనే ఉంది.

"సెల్లీ, వీడియోలో సెప్పినావు గదా ఎప్పుడు తియ్యాలో. ఆదోరం వచ్చి మాది ఒకపాలి సూడు. మీ అత్తని పిలవమనీసి మావోళ్లంతన్నారు గానీ, నాను వద్దన్నాను."

ఆమె స్థానంలో నన్ను కూర్చోబెట్టారు. నేను అడగలేదు, కానీ తీసి అక్కడ పడేసింది నేనే.

ఆదివారం వాళ్ల మడుగు దగ్గర రాముడూ, అతని తండ్రి నూకయ్యా, మా నాన్నా నిలబడి ఉన్నారు. నాన్న ఎందుకొచ్చాడో తెలీదు, నా కళ్లలోకి చూడలేదు. కొంచెం ఎగువన గట్టు మీద అత్త గడ్డి కోస్తోంది. గడ్డి ఊరంతా ఉంది. ఆమె కావాలనే ఆ గట్టుకి వచ్చిందని నాకు తెలుసు.

చీర ఎగ్గట్టి నీళ్లలోకి దిగాను. అడుగున బురద పాదాల్ని పట్టుకుంది. కట్ట నడిబొడ్డులోంచి ఒక పుల్ల లాగాను. మొదలు దగ్గర బొటనవేలితో తోశాను. నార కదిలింది. కొంచెం కదిలింది. ఇది చాలా, ఇంకా కదలాలా? ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కుళ్లు వాసన. మంచి కుళ్లా, చెడ్డ కుళ్లా? రెండేళ్లు చదివిన బ్యాక్టీరియాల పేర్లన్నీ నాలుక మీద ఉన్నాయి. ఇవాళా, రేపా అన్న ఒక్క ముక్క మాత్రం లేదు. నూకయ్య నోరు తెరుచుకుని నా వేలి వైపే చూస్తున్నాడు. ఆయన ఆరు నెలలు కూడా నా వేలి మీదే ఉన్నాయి.

ఊరికే 'రేపు' అనేసి పోవచ్చు. అలా అనేసేదాన్నే. గట్టు మీద కొడవలి చప్పుడు ఆగింది.

"నాకు తెలీదు" అన్నాను. "మా గోగు కుళ్లిపోయింది అత్త వల్ల కాదు. శుక్రవారం తీసెయ్యమంది ఆమె. వీడియో కోసం నేనే ఆపించాను. వీడియోలో మంచి నార ఆమె తీసిందే."

రాముడు నా మొహం, నాన్న మొహం మార్చి మార్చి చూశాడు. నాన్న తల దించుకుని, అవునురా అన్నాడు. నూకయ్య మాత్రం వెంటనే గట్టు మీదికి తిరిగి, అప్పా, ఒకపాలి దిగి సూసీ తల్లీ అని చేతులు జోడించాడు.

అత్త కొడవలి గడ్డిమోపులో గుచ్చింది.

"తప్పు సెయ్యి అని ఫోన్లో సెప్పీసినారు గదా. తప్పు సెయ్యి నీకెందుకు నూకయ్యా."

ఆమె దిగలేదు. ఆ ఏడే కాదు, ఆ తరవాత కూడా ఎవరి మడుగులోకీ దిగలేదు. నూకయ్య తన అంచనాతోనే తీసుకున్నాడు, సగం దక్కింది. అదంతా తరవాత సంగతి. అప్పుడు మాత్రం ఆమె గట్టు దిగి నీళ్ల అంచు దాకా వచ్చి నిలబడింది. మూడు వారాల తరవాత మొదటిసారి నాతో మాట్లాడింది.

"ఇక్కడ సెప్తే ఎంతమంది ఇన్నారు?"

"ముగ్గురు."

"ఫోన్లో?"

చానల్లో ఎంతమంది చూశారో ఆ అంకె నాకు తెలుసు, రోజూ తీసి చూసుకునేదాన్ని.

"అయితే ఫోన్లో సెప్పు" అంది. "నీళ్లలోనే ఉండి సెప్పు."

రాముడు మొహమాటంగా ఫోను తీసి నా వైపు పెట్టాడు. నేను చెప్పాను. సమయం దాటిపోవడం వల్ల మా గోగు కుళ్లిందని, అందులో అత్త తప్పు లేదని. చెప్పి ఆపాను.

"దానంతటదే దాటిపోనాదేటి?" అంది అత్త. "ఇంకోసారి."

రెండోసారి, మా ఇంట్లోవాళ్లం ఆలస్యం చేశాం అన్నాను. ఇంట్లో నానూ ఉన్నాను, నాను వద్దన్నాను, ఇంకోసారి అంది అత్త. మూడోసారి నేను ఆపించాను అన్నాను. దండెం మీద నార సంగతి చెప్పలేదు. నాలుగోసారి అదీ చెప్పాను, ఆమె మాటలు తీసేయించిన సంగతి మింగాను. మళ్లీ ఇంకోసారి అంది, అది ఆమెకి ఎలా తెలుసో నాకు తెలీదు. చెప్పిన మాట చెప్పినట్టు వినబడనప్పుడు ఎవరికైనా తెలుస్తుంది కాబోలు. అయిదోసారి ఏడుపొచ్చింది. ఏడుపు నాకొద్దు, మాట సాలు అంది. ఆరోసారి ఎదురుగా ఎండ పడి నా మొహం కనపడలేదన్నాడు రాముడు. అత్త ఎండ వైపు చూసి, నన్ను రెండడుగులు పక్కకి జరగమని చేత్తో చూపించింది. నీళ్లు నడుం దాకా వచ్చాయి.

ఏడోసారి అన్నీ చెప్పాను. గురువారం ఆమె అన్న మాట, శుక్రవారం ఆమె తీసిన కట్ట, ఆదివారం నేను చూసి ఊరుకున్న వాసన, సోమవారం ఆమె నాకు చూపించిన పుల్ల, ఆమె గొంతు మీద పెట్టిన సంగీతం, మార్కులు, బజ్జీలతో సహా చెప్పాను. దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. రాముడు ఫోను దించి, అయిపోనాది అత్తా అన్నాడు. నాన్న గట్టు మీద కూలబడి గడ్డి పోచలు తెంపుతున్నాడు.

అత్త నా మొహంలోకి చూసింది. వంగి గడ్డిమోపు తల మీదికి ఎత్తుకుంది.

"ఇంకోసారి" అంది.

అని, వినడానికి ఆగకుండా గట్టు వెంట ఇంటి వైపు నడిచిపోయింది. రాముడు మళ్లీ ఫోను పైకెత్తాడు. నేను మొదట్నుంచీ మొదలుపెట్టాను.